గండయ్య భార్యకు ఓటు లేదు

దొర బండి కట్టించుకుని పట్నం పారిపోయాడన్న కబురు దొడ్డిలో ఎవరూ ముందు నమ్మలేదు. పొద్దెక్కింది, కొరడా మోగలేదు. మధ్యాహ్నమైంది, పాలు పిండడానికి ఎవరూ రాలేదు. అప్పుడు ముసలి ఎద్దు నందయ్య మెడ అటూ ఇటూ తిప్పి, కాడి లేదని రూఢి చేసుకుని, "అయితే స్వాతంత్ర్యం వచ్చినట్టే" అన్నాడు. ఒక్కసారిగా గేదెలు అరిచాయి, గాడిద ఓండ్రపెట్టింది, పుంజు వేళకాని వేళ కూశాడు. కొండ కింద కంచెలోంచి నక్కలు కూడా ఊళ వేశాయి. స్వాతంత్ర్యం వాటికీ వచ్చింది మరి.

కంచె అంటే ముళ్లకంప కాదు. దొర తన గుర్రాల కోసం అట్టే పెట్టుకున్న గడ్డిబీడు. కొండ మొదలు నుంచి వాగు దాకా నిలువెత్తు పచ్చగడ్డి. దొడ్డిలోని జీవాలు ఏళ్ల తరబడి దాని వాసన పీలుస్తూ ఎండుచొప్ప నమిలాయి. ఆ గడ్డిలో నక్కల కాపురం. గడ్డి ఎంత ఎత్తుంటే కాపురం అంత చల్లగా సాగేది. కోడిపిల్ల ఒకటి దారితప్పి అంచుదాకా వచ్చేది. గడ్డి కొంచెం కదిలేది. అంతే.

ఆ దొడ్డిలో ఒక మేక ఉండేది. నుదుట పసుపుపచ్చ మచ్చ. పూసిన తంగేడు పొద పక్కన పుట్టిందని వాళ్లమ్మ ఆమెకు తంగేడు అని పేరు పెట్టింది. వాళ్లమ్మను సంతలో అమ్మేశాక ఆ పేరుతో పిలిచేవాళ్లు లేకుండా పోయారు. తర్వాత ఆమె మేకపోతు గండయ్యకు భార్య అయింది. పిల్లలు పుట్టాక గండయ్య పిల్లల తల్లి అయింది. గండయ్య ఆమెను "ఏమే" అని పిలిచేవాడు. కనపడకపోతే "ఎక్కడ చచ్చావే" అని పిలిచేవాడు. రెండింటికీ ఆమె పలికేది కాబట్టి మూడో పేరు అవసరం ఆయనకు ఎన్నడూ పడలేదు.

ఇద్దరు పిల్లలూ ఒకే కాన్పు. మగపిల్లకు పుట్టిన రోజే వీరగండడు అని పేరు పెట్టి గండయ్య దొడ్డంతా చెప్పుకొచ్చాడు. ఆడపిల్లను "పిల్లా" అన్నారు.

"దీనికీ ఒక పేరు పెడదామండీ" అని తంగేడు ఒకసారి అడిగింది.

"దానికెందుకే పేరు? రేపు ఇంకొకడింటికి పోయేదేగా. కావాలంటే వాళ్లే పెట్టుకుంటారు."

 తంగేడు నారదారానికి ఎర్రటి గురివింద గింజ గుచ్చి పిల్ల మెడకు కట్టింది. పేరు పెట్టలేనిదానికి ఆ మాత్రం గుర్తైనా ఉండనీ అనుకుంది.

నెల తిరగకుండానే నందయ్య అధ్యక్షుడయ్యాడు. పెద్ద సభ పెట్టి రాజ్యాంగం అనుకున్నారు. చిన్న రాజ్యాంగమే, ఒక్క వాక్యం. "పుట్టిన ప్రతి జీవికీ ఒక పేరు, ప్రతి పేరుకీ ఒక ఓటు." నందయ్య ఆ మాట మూడుసార్లు పైకి చెప్పాడు. ముసలి గేదె కళ్లు తుడుచుకుంది. తంగేడు కూడా చెవులు నిక్కించి విని, ఇంటికొచ్చి పిల్లకు రెండుసార్లు చెప్పింది.

అప్పుడు నక్క జంబులింగం లేచాడు. దొర కచేరీ అరుగు కింద బొరియలో పెరిగినవాడు. అందుకే నాలుగు అక్షరాలు వచ్చు. ఆ నాలుగు అక్షరాలూ ఇంకెవరికీ రావు కాబట్టి గుమాస్తా అయ్యాడు.

"అధ్యక్షా, చిన్న మనవి. జీవి అన్నాక జీవే. ముసలీ ముతకా, చంటీ గింటీ అని తేడా చూస్తే ఇంక దొర పాలనకీ మనకీ తేడా ఏముంది? నిన్న పుట్టిన కూనకైనా సరే ఓటు ఉండాలి."

"ఎంత విశాల హృదయం!" అన్నాడు పుంజు. సవరణ చప్పట్లతో నెగ్గింది.

మొదటి ఓటు కంచె మీద. మేతకు తెరవాలా, ఇలాగే ఉంచాలా? రెండు కుండలు పెడతారు. పచ్చాకు కట్టిన కుండలో చింతగింజ వేస్తే తెరవమని. ఎండుపుల్ల కట్టిన కుండలో వేస్తే వద్దని. జంబులింగం ఎండుపుల్ల తరఫున ఊరేగాడు. "అన్నలారా, గడ్డి మన జాతి సంపద. ఇవాళ మేసేస్తే రేపటి తరం ఏం చూస్తుంది? ఒక్క ఐదేళ్లు ఓపిక పట్టండి, ఏనుగెత్తు పెరుగుతుంది. ప్రణాళిక అంటారు దాన్ని."

"మరి ఆ ఐదేళ్లూ మేం ఏం తినాలయ్యా?" అంది తంగేడు వెనక వరసలోంచి.

"ఆడవాళ్ల దగ్గర కూడా ఇంత చైతన్యం! చాలా సంతోషం" అన్నాడు జంబులింగం. ప్రశ్న అక్కడితో సరి.

దొడ్డిలో మాత్రం ఎవరికీ బెంగ లేదు. మేసేవాళ్లు, గింజలేరుకునేవాళ్లు ఎంతమంది? నక్కలు ఎన్ని? ఎలా చూసినా పచ్చాకుదే గెలుపు అనుకున్నారు.

జాబితా రాసే రోజున జంబులింగం మోదుగాకుల కట్ట, తుమ్మముల్లు పట్టుకుని వాకిలి వాకిలికీ తిరిగాడు. మగాళ్ల దగ్గర పని చకచకా సాగింది. పేరు? గండయ్య. పేరు? వీరగండడు, మూడో నెల. "భేష్, చిరంజీవి ఓటు చిరంజీవిదే!"

ఆడవాళ్ల వంతు రాగానే గొంతు మార్చాడు. తల వంచి, చూపు నేలమీద పెట్టి, మెత్తగా అడిగాడు.

"ఎవరింటి దానివి తల్లీ?"

గేదె మొహం పక్కకు తిప్పుకుంది. "వారి పేరు నా నోటితో ఎలా చెప్పను బాబూ? అదిగో, మడుగులో కొమ్ములొక్కటే కనపడుతున్నాయి చూడు, వారు."

"తెలిసింది తల్లీ. దున్నపోతుగారి ఇల్లాలు" అని రాసుకున్నాడు.

పెంటకుప్ప మీద ఏడు పెట్టలున్నాయి. "తెల్లారి అందర్నీ లేపుతారే, వారి తాలూకు" అంది మొదటిది. "నేనూ వారి తాలూకే" అంది రెండోది. "నేను మూడోదాన్ని" అంది మూడోది. పుంజు తురాయి ఎగరేసి జాబితాకేసి గర్వంగా చూశాడు.

తంగేడు దగ్గరికి వచ్చాడు. ఎందుకో ఆమెకు తన పేరు చెప్పాలనిపించింది. ఎన్నేళ్లయిందో పైకి అని. నాలుక చివరిదాకా వచ్చింది.

"నా పేరు..."

గండయ్య దగ్గాడు. జంబులింగం పంజా ఎత్తాడు.

"వద్దు తల్లీ, వద్దు. మగాళ్ల పేర్లంటే నలుగురి నోళ్లలో నలగడానికే ఉన్నాయి. నీ పేరు ఈ ముల్లు మొనకు గుచ్చడం నాకే నామోషీ. గండయ్యగారి భార్య. అంతకు మించిన పేరు ఈ దొడ్డిలో ఏముంది?"

గండయ్య గడ్డం ఆ మాటతో జానెడు పొడుగైంది. దాచడమెందుకు, తంగేడుకు కూడా లోపల కాస్త బాగానే అనిపించింది. కసుర్లకు అలవాటుపడ్డ చెవులకు ఆ "తల్లీ" చల్లగా తగిలింది. తర్వాత చాలా ఏళ్లు ఆమె తలుచుకుని తలుచుకుని సిగ్గుపడింది ఆ చల్లదనానికే.

చివరగా గాడిద. చాకిరేవు నుంచి తరిమేస్తే వచ్చి దొడ్డి గోడవార చేరింది.

"ఎవరింటి దానివి?" అన్నాడు. ఈమెకు "తల్లీ" అన్న పిలుపు అక్కర్లేదనుకున్నాడు.

"ఎవరింటి దాన్నీ కాదు. నా పేరు బూదెమ్మ. రాసుకో."

"ఇంతమంది మగాళ్ల ముందు పేరు చెప్పడానికి సిగ్గు లేదూ?"

"మూటలు మోస్తుంటే చూసిన మగాళ్లేగా వీళ్లు? అప్పుడు వాళ్లకు లేని సిగ్గు ఇప్పుడు నాకెందుకు?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. "అదుపులో పెట్టే మొగుడు లేకపోతే అంతే మరి" అంది పెద్ద పెట్ట. తంగేడు కూడా నవ్వింది. అది కూడా ఆమెకు తర్వాత గుర్తుండిపోయింది.

ఓటు రోజున ఆడవాళ్లు పొద్దున్నే వాగులో మునిగి, ఒళ్లు దులుపుకుని, నోట చింతగింజ పట్టుకుని వరసగా నిలబడ్డారు. తంగేడు తన పిల్లను కూడా తీసుకెళ్లింది. "చూడవే, ఇది మనది" అంది.

ముందు మగాళ్లు వేశారు. వీరగండడు కుండ మూతి అందక వాళ్ల నాన్న వీపెక్కి వేశాడు. అందరూ ముద్దుచేశారు. నక్కల వంతు రాగానే జంబులింగం ఒక తిత్తి విప్పాడు.

"మావాళ్లు పగటిపూట బయటికి రారు అధ్యక్షా. పిల్లలు మరీ చంటివాళ్లు. అందరి గింజలూ నేనే పట్టుకొచ్చాను. అరవై మూడు. జాబితాలో పేర్లున్నాయి, చూసుకోండి."

నందయ్యకు చదవడం రాదు. కట్ట తిరగేసి పట్టుకుని చూసి తల ఊపాడు. గింజలన్నీ ఎండుపుల్ల కుండలో గలగలా పడ్డాయి.

తర్వాత ఆడవాళ్లు. వరసలో మొదట తంగేడు.

"పేరు?" అన్నాడు జంబులింగం. ఈసారి తల ఎత్తి అడిగాడు.

"అదే... గండయ్య భార్య."

"అది పేరు కాదు. గండయ్య పేరు మీద గండయ్య వేశాడు. ఒక పేరుకి ఒక్క ఓటే. తర్వాత?"

తంగేడు నోట్లో గింజ జారి కింద పడింది. "నువ్వేగా అలా రాసుకున్నావు!"

"చెప్పింది రాశాను. ఇదిగో చూడండి అధ్యక్షా. పుంజు తాలూకు, పుంజు తాలూకు, పుంజు తాలూకు. ఏడు చోట్ల. వీటిలో ఏది ఎవరో ఆ పుంజే చెప్పలేడు. పేరు లేనిదాన్ని జీవి అని ఎలా ఒప్పుకోను? రాజ్యాంగం ఏమంది?"

"నా పేరు తంగేడు!"

ఆ మాట తన నోటినుంచి అంత గట్టిగా వస్తుందని ఆమె అనుకోలేదు. వరసలో వెనక ఉన్న గేదె ఉలిక్కిపడింది.

"అలాగా. సాక్షి ఎవరు?"

"మా ఆయన్నే అడుగు."

జంబులింగం తిరిగాడు. "గండయ్యగారూ, మీ ఆవిడ పేరు తంగేడేనా?"

గండయ్య గడ్డం నమిలాడు. అబద్ధమాడలేదు పాపం. నిజమే చెప్పాడు.

"ఏమో. ఎప్పుడూ అడగలేదు."

దొడ్డి దొడ్డంతా ఘొల్లుమంది. మగాళ్లు నవ్వారు. ఆడవాళ్లు కూడా నవ్వారు. నందయ్య ఒక్కడు నవ్వలేదు. బరువుగా తల ఊపాడు.

"చట్టం చట్టమే తల్లీ. మనమే చేసుకున్నది. వచ్చేసారి చూద్దాం. ఐదేళ్లు ఎంతలో తిరుగుతాయి?"

పచ్చాకుకు యాభై ఎనిమిది పడ్డాయి. అందులో ఆడది ఒక్క బూదెమ్మ. ఎండుపుల్లకు అరవై మూడు. వరసలో నిలబడిపోయిన ఆడవాళ్లు నలభై మంది పైనే. కంచె మూతపడింది. దానికి కాపలాదారుగా జంబులింగాన్నే వేశారు. కంచె గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

ఆ సాయంత్రం ఇంటికొచ్చి గండయ్య విరుచుకుపడ్డాడు. "పేరు చెప్పడానికి నోరు పడిపోయిందా? మీ ఆడముండల వల్ల గడ్డంతా పోయింది!"

"చెప్పబోతే దగ్గింది ఎవరు?"

"గొంతులో ఏదో అడ్డుపడి దగ్గాను. దానికీ నేనేనా?"

ఎండలు ముదిరాయి. చొప్ప అయిపోయింది. తంగేడు పొదుగు సగానికి పడిపోయింది. ఉన్న పాలు ఒక పిల్లకే చాలవు. గండయ్య తీర్పు చెప్పాడు. "ముందు వాడికి పట్టు. ఓటున్నవాడు. చిక్కిపోతే నలుగురూ ఏమనుకుంటారు?"

మిగిలితే ఆడపిల్లకు. మిగిలేది కాదు. పిల్ల ఆకలికి గోడకున్న సున్నం నాకేది. ఒకరోజు మధ్యాహ్నం తంగేడు నిద్ర తూగి లేచి చూసేసరికి పక్కన పిల్ల లేదు. వాకిట్లో లేదు. చిన్న గిట్టల గుర్తులు కంచె వైపు వెళ్లాయి.

పరుగెత్తింది. అంచున నిలబడింది. ఎదురుగా నిలువెత్తు గడ్డి.

"పిల్లా!" అని అరిచింది.

దొడ్డిలోంచి అరడజను గొంతులు ఒక్కసారిగా "మ్మే" అన్నాయి. అన్నీ పిల్లలే. అందరి పిల్లలూ పలికాయి. "నిన్ను కాదు, నిన్ను కాదు! మా పిల్లా!" అని మళ్లీ అరిచింది. మళ్లీ అందరూ పలికారు. ఆ గోలలో గడ్డిలోపలి నుంచి ఒక సన్నటి గొంతు వచ్చిందో రాలేదో ఆమెకు ఈనాటికీ తెలియదు. ఆ ఒక్క గొంతును వేరుచేసి పిలవడానికి ఆమె దగ్గర మాట లేదు.

గడ్డి ఒకచోట కొంచెం కదిలింది. ఆగింది.

జంబులింగం కచేరీ అరుగుమీద కూర్చుని మూతి నాక్కుంటున్నాడు. తంగేడు రొప్పుతూ వచ్చింది.

"నా పిల్ల తప్పిపోయింది. కంచెలోకి పోయింది. వెతికించండి."

"అయ్యో. కూర్చో తల్లీ. పేరు?"

"తంగేడు."

"నీది కాదు, పిల్లది."

తంగేడు కంచె వైపు తిరిగి చూసింది.

జంబులింగం కట్ట విప్పి ఆకులన్నీ నెమ్మదిగా తిరగేశాడు. "వీరగండడు ఉన్నాడు. గండయ్య ఉన్నాడు. మీ ఇంట్లో ఇంకెవరూ లేరే తల్లీ. లేని పిల్ల ఎలా తప్పిపోతుంది?"

ఆమె అక్కణ్నుంచి ఇంటికి వెళ్లలేదు. గోడవార బూదెమ్మ దగ్గరికి వెళ్లి పక్కన నిలబడింది. 

"ఆ రోజు నిన్ను చూసి నేనూ నవ్వాను" అంది తంగేడు.

"చూశాలే" అంది బూదెమ్మ. "మొగుడు లేడు కాబట్టి నాకు పేరు మిగిలింది. అంతకు మించి నా గొప్పేం లేదు. నీ పిల్లకు ఏం పేరు పెడదామనుకున్నావు?"

"గునుగు. తంగేడు పక్కన పూసేది అదేగా."

"మరి అప్పుడే పెట్టకపోయావా?"

"దానికెందుకే పేరు అన్నారు ఆయన" అంది తంగేడు. అని, గోడకు తల ఆనించి ఏడ్చింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట వాగు ఒడ్డున ఆడవాళ్లు చేరడం మొదలైంది. మగాళ్లు కునుకు తీసే వేళ. మొదట ముగ్గురు, తర్వాత పది, తర్వాత అందరూ. అక్కడ చేసే పని ఒకటే. ఎవరి పేరు వాళ్లు పైకి చెప్పడం. వినడానికి తేలిక. గేదె రెండు వారాలు నోరు తెరిచి మూసింది. చివరికొక రోజు "కాటుక" అంది. అని, తన గొంతు తానే విని, వాగులోకి దిగి మునిగి కూర్చుంది.

"మా అమ్మ పిలిచేది అలా" అంది పైకొచ్చాక.

పెట్టల్లో ఆరోదానికి అసలు పేరే లేదు. "పన్నెండు గుడ్లలో తొమ్మిదోదాన్నట. తొమ్మిదీ అని కూడా ఎవరూ పిలవలేదు."

"అయితే ఇప్పుడు పెట్టుకో. ఊరికే వచ్చేదేగా, కాస్త మంచిది చూసి పెట్టుకో" అంది బూదెమ్మ.

ఆ పెట్ట మూడు రోజులు తిండి మానేసి ఆలోచించింది. "మెరుపు" అంది. మిగతా ఆరుగురూ పకపకా నవ్వారు. పెంటకుప్ప తప్ప ఏమీ చూడనిదానికి మెరుపట! తర్వాత ఆ ఆరుగురూ వెళ్లి తమ పేర్లు మార్చుకుంటామన్నారు.

తంగేడు ఇంకో పని కూడా చేసింది. రోజూ కంచె అంచున నిలబడి బొరియలు చూసింది. ఏ కూన ఎప్పుడు బయటికి వస్తుందో, ఏది ఎవరిదో గుర్తుపెట్టుకుంది. ఐదేళ్లు చూసింది.

రెండో ఓటు వచ్చింది. అదే ప్రశ్న, అవే కుండలు. జంబులింగం మళ్లీ మోదుగాకులు పట్టుకుని బయల్దేరాడు.

"ఎవరింటి దానివి తల్లీ?"

"ఎవరింటి దాన్నో తర్వాత చెప్తాను. పేరు కాటుక. రాసుకో."

"మెరుపు. పుంజు తాలూకు కాదు, జాగ్రత్తగా రాయి."

"తంగేడు. మా ఆయనకు కూడా చెప్పాను. సాక్ష్యానికి పనికొస్తాడు."

గండయ్య ఈసారి దగ్గలేదు. గడ్డి మీద ఆశ ఆయనక్కూడా ఉంది.

జంబులింగం నవ్వుతూ అన్నీ రాసుకున్నాడు. అంత నవ్వు ఎందుకో ఎవరికీ తెలియలేదు, తంగేడుకు తప్ప. ఈసారి అతని ఇంటి జాబితాలో నూట డెబ్భై పేర్లున్నాయి.

ఓటు రోజున జంబులింగం తిత్తి విప్పబోతుంటే తంగేడు వరసలోంచి ముందుకొచ్చింది.

"ఒక్క మాట అధ్యక్షా. పోయినసారి మేం జీవులమే గానీ పేర్లు లేవని పంపేశారు. సరే, ఈసారి పేర్లు తెచ్చుకున్నాం. మరి పేర్లుండి జీవులు లేనివాళ్ల సంగతేమిటి? ఒక్కో పేరూ పిలవండి. పిలిచిన జీవి తన కాళ్లమీద నడిచొచ్చి గింజ వెయ్యాలి."

"కూర్చోవే" అన్నాడు గండయ్య.

"మావాళ్లు నలుగురిలోకి రారు తల్లీ" అన్నాడు జంబులింగం. "ఘోషా కుటుంబం. గౌరవంగా బతికేవాళ్లం. వాళ్ల తరఫున నేను..."

"నలుగురిలో నోరు విప్పని గౌరవస్తులకు ఓటు లేదని ఐదేళ్ల కిందట తేల్చింది మీరేగా గుమాస్తాగారూ?"

నందయ్య ఆలోచించాడు. ఆయన ఆలోచన నెమ్మది. కానీ ఈసారి ఎటూ తప్పించుకోవడానికి లేకపోయింది. "చట్టం చట్టమే" అన్నాడు. "పిలువు."

మొదటి పేరు సింగారి. జంబులింగం భార్య. ఆమె ఒళ్లు విరుచుకుంటూ వచ్చింది. వెనక నాలుగు కూనలు.

"తర్వాత నీ పిల్లలు. పేర్లు చదవనా?" అంటూ జంబులింగం మొదలుపెట్టాడు. నాలుగు పేర్లయ్యాయి. ఐదో పేరు చదివాడు. ఆరు. పన్నెండు. ఇరవై.

సింగారి కళ్లు ఎర్రబడ్డాయి. "ఆగాగు. ఇన్ని కాన్పులు నేనెప్పుడు పడ్డానయ్యా? ఎవరి పిల్లలు వీళ్లంతా? ఎక్కడ పెట్టావు దాన్ని?"

ఈసారి దొడ్డి నవ్వింది గండయ్య భార్యను చూసి కాదు. నూట డెబ్భై పేర్లకు నడిచొచ్చినవి ఇరవై ఒకటి. కంచె తెరుచుకుంది.

నెల రోజుల్లో గడ్డి వేళ్లదాకా కురచైంది. జీవాల డొక్కలు నిండాయి. అప్పుడు కంచె మధ్యలోనే సన్మానసభ పెట్టారు. పుంజు స్వాగతం పలికాడు. నందయ్య కళ్లు మూసుకుని ఉపన్యసించాడు.

"ఈ విజయానికి కారకులు మన గండయ్యగారు. భార్యను వెనకుండి నడిపించి, పదిమందిలో మాట్లాడేలా తీర్చిదిద్దారు. వారిని కంచె పెద్దగా ఎన్నుకుంటున్నాం. అలాగే గండయ్యగారి ధర్మపత్నికి కూడా మన అభినందనలు."

గండయ్య మెడలో పూలదండ. అలవాటు కొద్దీ ఒక రేక తిన్నాడు. జంబులింగం గుమాస్తాగిరీ పోలేదు. చదువుకున్నవాడు ఇంకెవరున్నారు? అతను పంజాతో ఆకు పట్టుకుని చదివాడు. "ఆడజీవుల పేర్లు మొట్టమొదట జాబితాకెక్కించిన ఘనత మన కచేరీకే దక్కిందని రాసుకోవడమైనది." చప్పట్లు.

తంగేడు ఆలస్యంగా వచ్చింది. ఆ పొద్దున ఆమె కురచగడ్డిలో తిరుగుతూ ఒక పెద్ద బొరియ మూతి దగ్గర ఆగింది. అక్కడ మట్టిలో ఎర్రటి గింజ ఒకటి కనపడింది. నారదారం చివికిపోయింది. గింజ రంగు పోలేదు.

ఆమె దాన్ని పళ్లతో పట్టుకుని తెచ్చి, గుమాస్తా ముందు ఆకులకట్టమీద పెట్టింది.

"ఇంకో పేరు రాయాలి. గునుగు. నా కూతురు."

జంబులింగం చప్పట్ల మైకంలో ఉన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "చచ్చినవాళ్ల పేర్లు జాబితాకెక్కవు తల్లీ."

"చచ్చిందని ఎవరు చెప్పారు?"

ముల్లు ఆగింది.

"నేను తప్పిపోయిందన్నాను. లేని పిల్ల తప్పిపోదని మీరన్నారు. ఈ ఐదేళ్లూ నేను వెతుకుతున్నాననే అందరికీ చెప్పాను. చచ్చిందని మా ఆయనతో కూడా అనలేదు. మీకెవరు చెప్పారు గుమాస్తాగారూ?"

గాలి లేదు. గడ్డి కదల్లేదు, కదలడానికి గడ్డీ లేదు. జంబులింగం చూపు గురివింద గింజ మీద పడి, బొరియ వైపు పోయి, మళ్లీ వచ్చింది. ఆ చూపు చాలు. అందరూ చూశారు.

నందయ్య గొంతు సవరించుకున్నాడు. "శుభకార్యం మధ్యలో ఇవన్నీ ఎందుకు తల్లీ..."

"ఏమే, ఇటు రా" అన్నాడు గండయ్య దండ సర్దుకుంటూ.

"ఏమే కాదు" అంది తంగేడు. వెనక్కి తిరగలేదు.

కాటుక లేచి వచ్చి ఆమె కుడిపక్కన నిలబడింది. ఏడు పెట్టలూ వచ్చి ముందు నిలబడ్డాయి. వాళ్ల పిల్లల లెక్క వాళ్లకూ ఉంది. బూదెమ్మ నింపాదిగా నడిచొచ్చి జంబులింగం వైపు వీపు పెట్టి వెనక కాళ్లు సర్దుకుంది.

జంబులింగం ఒక్క దూకు దూకాడు. పరుగెత్తాడు. తనకు బాగా తెలిసిన కంచెలోకే పరుగెత్తాడు. కానీ గడ్డి గిట్టల ఎత్తు కూడా లేదు. దాక్కోవడానికి పొద లేదు, పొంచడానికి చాటు లేదు. కొండ అంచు దాటేదాకా వాడి తోక అందరికీ కనపడుతూనే ఉంది.

"పని మాత్రం శుభ్రంగా చేసేవాడు" అన్నాడు పుంజు నిట్టూర్చి.

మర్నాడే మగాళ్లు కూర్చుని కొత్త గుమాస్తాను వేశారు. పిల్లి. అక్షరాలు తనకూ వచ్చన్నాడు, కాదని చెప్పగలిగేవాళ్లు లేరు. మెత్తటి నడక, మెత్తటి మాట. మొదటిరోజే ఆకులకట్ట పట్టుకుని తంగేడు వాకిట్లో ఆగి, తల వంచి, చూపు నేలమీద పెట్టి అడిగాడు.

"ఎవరింటి దానివి తల్లీ?"

తంగేడు అతన్ని అడుగునుంచి పైదాకా చూసింది. తర్వాత వాగు వైపు తిరిగి, ముందు కాటుకను, తర్వాత మెరుపును, తర్వాత ఆ నెలలో పుట్టిన ఆడపిల్లల్ని ఒక్కొక్కర్నీ పేరుపెట్టి గట్టిగా కేకేసి పిలిచింది. అందరూ పలికారు. చివర ఇంకో పేరు కూడా పిలిచింది. దానికి ఎవరూ పలకలేదు. పలికేదాకా వదలనన్నట్టు ఆమె రోజూ పిలుస్తూనే ఉంది.

నీ పేరు అడగకుండా నిన్ను గౌరవించేవాడి చేతిలో కలం కనపడితే, ముందు నీ పిల్లల్ని లెక్కపెట్టుకో.